మూడో గుంట

రాత్రి పదకొండు మేత చల్లి,
చెక్‌ట్రే లేపి,
రొయ్య పేగు నిండిందని పుస్తకంలో రాసి,
అప్పుడు తెరుస్తాను లాప్‌టాప్.
చాకిచర్ల కట్ట మీద, రేకుల షెడ్డులో,
మేత బస్తాలే బల్ల.

మొదట ఒక్క అల. నున్నటిది.
అంచు లేదు, ముఖం లేదు.
నలభై మూడు హెర్ట్జ్.
అంటే సెకనుకి నలభై మూడుసార్లు
గాలి ముందుకి జరిగి వెనక్కి రావాలి.
హెడ్‌ఫోన్‌లో అది శబ్దంలా ఉండదు.
ఎవరో నెమ్మదిగా చెవిలో బొటనవేలు ఆనించినట్టుంటుంది.

సింగరాయకొండ జిలానీ అడిగింది అది కాదు.
"బేసు చెవికి కొట్టగూడదు మాల్యాద్రీ,
చొక్కా గుండీకి కొట్టాల.
మన ట్రాక్టరు వీధి మలుపులో ఉండంగానే
ఇళ్ళలో స్టీలు గిన్నెలు ముందు లేచి చూడాల."

పోయిన నెల ఇచ్చినదాన్ని
ఆయన కూతురు ఫోన్‌లో విని
"ఏది? ఏం లేదే!" అంది.
నిజమే. ఫోన్‌ది చిట్టి నోరు,
అంత లోతు పలకదు.
అందుకే మురికి కలపాలి.
నున్నటి అల తల కొంచెం చితక్కొట్టి
పైన గరుకు పుట్టించాలి.
ఆ గరుకు విని, కింద ఉన్నదాన్ని
చెవి తనే ఊహించుకుంటుంది,
తడి కట్ట మీద గుర్తులు చూసి
రాత్రి నక్క వచ్చిపోయిందని మనం చెప్పినట్టు.

ఎంత మురికి?
పావు తిప్పితే చాలదు.
అర తిప్పితే కందిరీగల తుట్టె.

ఇంకొకటి. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా బేసు వంగాలి.
ఇరుకు కట్ట మీద మేత బండి ఎదురొస్తే
పక్కకొరిగి దారిచ్చి మళ్ళీ నిలబడతామే, అట్టా.
నూట ఇరవై మిల్లీసెకన్లు.
నూట యాభై అయితే భయపడినట్టుంటుంది.
వందయితే పొగరు.

ఆదివారం జిలానీ గోడౌన్‌లో
పద్దెనిమిది అంగుళాల పెట్టెలు నాలుగు మోగించాం.
పైకప్పు నుంచి బల్లి ఒకటి రాలి పరుగెత్తింది.
మూలన నిలబడితే కడుపులో దేవింది.
నడిమధ్యకి నడిస్తే
లేదు.
గోడ తాకి తిరిగొచ్చిన అల
పోతున్న అలను సరిగ్గా అక్కడే మింగేస్తోంది.
ఒకడుగు ఉండాది, ఒకడుగు లేదు.
జిలానీ అక్కడే కుర్చీ వేసుకుని టీ తాగాడు.
"పెళ్ళికూతురి నాయన్ని ఈడ కూర్చోబెట్టాల."

నిన్న రెండుంబావుకి కరెంటు పోయింది.
నాలుగు గుంటల ఏరియేటర్లూ ఒక్కసారే చచ్చాయి.
రెండేళ్ళుగా నా చెవుల్ని ఆనుకుని ఉన్న గోడేదో కూలింది.
ఆ నిశ్శబ్దం ముదిరితే
రొయ్యలు ఊపిరికి పైకొస్తాయి,
తెల్లారేసరికి అంచు వెంట ఎర్రగా తేలతాయి.
హెడ్‌ఫోన్ విసిరేసి పరుగెత్తాను.

జనరేటర్ హ్యాండిల్ తిప్పితే దగ్గింది.
మళ్ళీ దగ్గింది.
మూడోసారి అడుగు నుంచి గుర్రు లేచి
తడబడి, వంగి, లేచి,
మూడో గుంటలో రెక్క విరిగిన ఏరియేటర్
కుంటుతూ దాని మీదికెక్కి...
అదీ!
పావుకీ అరకీ మధ్య
నెల రోజులుగా నేను దేవులాడింది అదే.
నా చేతుల నిండా డీజిలు. ఫోను షెడ్డులో.
పది సెకన్లు ఉందేమో.
తర్వాత ఇంజను కుదురుకుని
రోజూ మొరిగే మొరుగులో పడింది.

పొద్దున కావలి నుంచి ఓనరు ఫోను:
"రొయ్య ఎట్టుండాది?"
"బతికే ఉండాది సార్."

ఇవాళ మళ్ళీ కూర్చున్నాను.
పావు దాటి కొంచెం. ఇంకొంచెం. కాదు, వెనక్కి.
ఫైలుకి పేరు మాత్రం పెట్టేశాను, మూడో గుంట అని.
ఫ్యూజు పీకి, మళ్ళీ హ్యాండిల్ తిప్పి,
ఈసారి ఫోను పక్కన పెట్టుకుని...
అనిపించింది, అబద్ధమెందుకు.
కానీ రొయ్య ఇంకా ముప్పై కౌంటుకి రాలేదు.